నిర్బంధ జాతీయ సేవ మళ్లీ తేవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు నిర్బంధ జాతీయ సేవ అంటే ఏంటి? అందరూ సైన్యంలో చేరాలా?

దేశాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా 18 ఏళ్లు నిండాక ప్రభుత్వం నుంచి పిలుపు వస్తుంది, వెళ్లి తీరాలి, వెళ్లకపోతే జరిమానానో జైలో. ఎక్కువ చోట్ల ఇది సైనిక శిక్షణే. కొన్ని దేశాల్లో తుపాకీ పట్టనన్నవాళ్లను ఆసుపత్రులకో అంబులెన్సులకో వృద్ధాశ్రమాలకో పంపుతారు. ఈమధ్య రాజకీయ నాయకులు మూడో రకం కూడా కనిపెట్టారు, నెలకో వారాంతం ఏదో ఒక సమాజ సేవ చేసి రావడం. ఈ మూడింటికీ ఒకే పేరు పెట్టడం వల్లే సగం గొడవ. ఒకరు సరిహద్దు గురించి వాదిస్తుంటారు, ఎదుటివాళ్లు కుర్రాళ్లు పొద్దున్నే లేవడం లేదని వాదిస్తుంటారు, ఇద్దరూ ఒకే విషయం మాట్లాడుకుంటున్నామని అనుకుంటారు.

ఎప్పుడో తీసేశారు కదా, మళ్లీ ఇప్పుడెందుకు?

ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక యూరప్ దేశాలు ఒకదాని వెంట ఒకటి దీన్ని వదిలేశాయి. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు షిరాక్ 1996లో ప్రకటించారు, 2001కల్లా అయిపోయింది. స్పెయిన్ కూడా 2001లోనే, ఇటలీ 2005లో, స్వీడన్ 2010లో, జర్మనీ 2011లో. తర్వాత రష్యా 2014లో ఉక్రెయిన్ నుంచి క్రిమియాను లాక్కుంది, 2022లో ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి దాడికి దిగింది. ఇందులో విచిత్రం ఉక్రెయిన్‌దే: 2013లో నిర్బంధ సేవ ఆపేసింది, ఏడాది తిరగకుండానే 2014లో మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. లిథువేనియా 2015లో, స్వీడన్ 2017లో, లాట్వియా 2023లో వెనక్కి తెచ్చాయి. 2008లో ఆపేసిన క్రొయేషియా 2025 అక్టోబరులో రెండు నెలల ప్రాథమిక శిక్షణకు పార్లమెంటులో ఓటేసింది. యూరప్ బయట కూడా ఉంది. మొరాకో 2006లో తీసేసి 2018లో మళ్లీ చట్టం చేసింది, కువైట్ 2001లో ఆపి 2017లో మొదలుపెట్టింది.

మ్యాప్ ముందేసుకుంటే ఒక సంగతి తెలుస్తుంది. యూరప్‌లో అందరికంటే ముందు కదిలినవి ఎక్కువగా రష్యాకు దగ్గర్లో ఉన్న దేశాలు. వాళ్లది భయం, నిజమైన భయం. దూరంగా ఉన్న దేశాల్లో ఈ చర్చ వేరే దారిలో, చాలాసార్లు ఎన్నికల సభల దారిలో వస్తుంది.

మీ అభిప్రాయం ఏంటో ముందే చెప్పేస్తే మాకు టైమ్ కలిసొస్తుంది.

సరే. సైన్యానికి మనుషులు కావాలి, ఇంతమంది కావాలి, ఈ పనికి కావాలి అని సైన్యమే లెక్క చెప్పి అడిగితే, అది కూడా కొద్దిమందిని ఎంచుకుని సరైన జీతం ఇచ్చే పద్ధతిలో అయితే, నేను ఒప్పుకుంటాను. యువతరం పాడైపోయింది, దేశభక్తి తగ్గింది, ఫోన్లు వదలడం లేదు అని తెస్తే మాత్రం ఒప్పుకోను. మొదటిది రక్షణ అవసరం. రెండోది పెద్దవాళ్ల చిరాకు, దానికి చట్టం చేయకూడదు.

మరి క్రమశిక్షణ? ఏడాది బ్యారక్‌లో ఉంటే కుర్రాళ్లు దారిలో పడతారు కదా?

అందరూ ముందు అడిగేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

దీన్ని పరీక్షించడం మామూలుగా కష్టం, ఎందుకంటే సైన్యంలోకి వెళ్లినవాళ్లూ వెళ్లనివాళ్లూ ముందు నుంచే వేరే రకం మనుషులై ఉండొచ్చు. అర్జెంటీనా ఆ చిక్కు తీర్చింది. అక్కడ గుర్తింపు కార్డు నంబరులోని చివరి మూడు అంకెల మీద లాటరీ తీసి ఎవరు వెళ్లాలో తేల్చేవాళ్లు. అంటే వెళ్లినవాడికీ మిగిలిపోయినవాడికీ మధ్య తేడా అదృష్టం ఒక్కటే. ఆ రికార్డుల్ని ముగ్గురు ఆర్థికవేత్తలు నేర చరిత్రలతో కలిపి చూసి 2011లో ప్రచురించారు. సేవ చేసినవాళ్లలో తర్వాతి జీవితంలో నేరాల రికార్డు తగ్గలేదు, పెరిగింది. బాగుపడతారనుకుంటే జరిగింది ఇది. కారణాల మీద వాదించుకోవచ్చు, ఉద్యోగాల మార్కెట్‌లోకి ఆలస్యంగా రావడం ఒక కారణం కావచ్చు. కానీ 'దారిలో పడతారు' అన్న మాటకు మాత్రం అక్కడ ఆధారం దొరకలేదు.

అదే అర్జెంటీనాలో 1994లో ఒమర్ కరాస్కో అనే కొత్త కుర్రాడు బ్యారక్‌లో చావుదెబ్బలు తిని చనిపోయాడు. దేశమంతా అట్టుడికింది, కొన్ని నెలల్లోనే నిర్బంధ సేవ రద్దయింది. రష్యాలో సీనియర్లు జూనియర్లను హింసించడానికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, దాన్ని తగ్గించడానికి కూడా 2008లో సేవా కాలాన్ని రెండేళ్ల నుంచి ఏడాదికి కుదించారు. ఇష్టం లేని వందమందిని ఒకచోట పెట్టి, పై అధికారికి పూర్తి అధికారం ఇచ్చి, తలుపులు మూస్తే ఏం జరుగుతుందో ఊహించడం పెద్ద కష్టమేం కాదు.

బ్రిటన్‌లో 1949 నుంచి 1960 దాకా నడిచిన నేషనల్ సర్వీస్ గురించి ఆ తరం వాళ్లు చెప్పుకునే జ్ఞాపకాల్లో బొగ్గు కుప్పలకు తెల్ల సున్నం వేయించడం తరచూ వినిపిస్తుంది, పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని. నిజంగా ఉపయోగపడే పని లేనప్పుడు క్రమశిక్షణ ఇలాగే తయారవుతుంది.

మా నాన్నగారు చేశారు, అది తన జీవితంలో మంచి కాలమని అంటారు. ఆయన మాట అబద్ధమా?

కాదు. ఆయనకు అది మంచి కాలమే అయ్యుంటుంది. 19 ఏళ్ల వయసు, పక్కన దోస్తులు, ఇంటికి దూరం. పక్క మంచం మీద పడుకున్న ప్రతివాడికీ అలాగే ఉందా అన్నదే ప్రశ్న, వాళ్లు ఈ కథలు పెద్దగా చెప్పుకోరు.

ఆధునిక సైన్యాలకు ఇంతమంది అవసరమా?

రెండు రకాల సైన్యాలున్నాయి. దూరదేశాలకు వెళ్లి క్లిష్టమైన యంత్రాలతో పనిచేసే వృత్తి సైన్యానికి ఏడాది ఉండి వెళ్లిపోయే కుర్రాడు భారమే. వాడికి నేర్పడానికి అనుభవమున్న సార్జెంటును అసలు పనిలోంచి లాగాలి, పడుకోవడానికి బ్యారక్, వేసుకోవడానికి యూనిఫాం, పేల్చడానికి తూటాలు ఇవ్వాలి, నేర్చుకునేసరికి వెళ్లిపోతాడు.

రెండోది ఫిన్లాండ్ లాంటిది. జనాభా దాదాపు 55 లక్షలు, రష్యాతో సరిహద్దు 1,300 కిలోమీటర్ల పైన. అక్కడ మగపిల్లలు పనిని బట్టి 165, 255 లేదా 347 రోజులు శిక్షణ తీసుకుని రిజర్వులోకి, అంటే అవసరమొస్తే మళ్లీ పిలిచే జాబితాలోకి, వెళ్తారు, యుద్ధమొస్తే 2,80,000 మందిని నిలబెట్టాలన్నది లెక్క. ఇక్కడ ఏడాది కుర్రాడు భారం కాదు, వాడి కోసమే ఆ వ్యవస్థ కట్టారు. ఫిన్లాండ్‌ను చూపించి 'చూడండి, వాళ్లు చేస్తున్నారు' అనేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. ఫిన్లాండ్ దీన్ని ఎప్పుడూ ఆపలేదు. శిక్షకులు, శిబిరాలు, రిజర్వు రికార్డులు, పిలిస్తే వచ్చే అలవాటు అన్నీ అక్కడ తరాల నుంచి ఉన్నాయి. ఆపకుండా నడిపించడం ఒక పని, పదిహేనేళ్ల కింద అమ్మేసిన బ్యారక్‌లను మళ్లీ కట్టుకుంటూ మొదలుపెట్టడం ఇంకో పని.

2024 మేలో బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ ఎన్నికల ప్రచారంలో 18 ఏళ్లవాళ్లందరికీ జాతీయ సేవ తెస్తామన్నారు. అందులో సైన్యంలో చోటు 30,000 మందికి, మిగతా లక్షల మందికి ఏడాదిలో 25 రోజుల సమాజ సేవ. సరదా ఏంటంటే, ఆ ప్రకటనకు కొద్ది రోజుల ముందే ఆయన ప్రభుత్వంలోని రక్షణ శాఖ మంత్రి ఒకరు పార్లమెంటుకు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబులో అలాంటి ఆలోచన లేదని, ఇష్టం లేనివాళ్లను తెచ్చి కలిపితే సైన్యం మనోబలం దెబ్బతింటుందని చెప్పారు. జులై 4న పార్టీ ఓడిపోయింది, ఆ పథకం సంగతి అంతటితో సరి.

స్వీడన్ పద్ధతి బాగుందంటారు. అందులో ఏముంది?

18 ఏళ్లు నిండుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ అందరూ ఒక ప్రశ్నావళి నింపాలి. ఆరోగ్యం, చదువు, ఆసక్తి వగైరా. అందులోంచి కొందరినే పరీక్షలకు పిలుస్తారు, వాళ్లలోంచి ఇంకా కొందరినే తీసుకుంటారు. మొదట్లో లక్ష్యం ఏడాదికి 4,000 మంది, ఆ వయసు పిల్లలు లక్ష దాకా ఉంటారు. ఇష్టపడేవాళ్లకే ముందు చోటు దొరికే అవకాశం ఎక్కువ. నార్వేలోనూ దాదాపు ఇదే తీరు.

నాకు నచ్చిన పద్ధతి ఇదే, కానీ ఇది 'అందరూ చేయాలి' అనేవాళ్లు అడుగుతున్నది కాదని గమనించండి. వందలో కొద్దిమందిని మాత్రమే తీసుకునేదాన్ని యువతరానికి మందు అని ఎవరూ అనలేరు. ఇది నియామక పద్ధతి, వెనకాల చట్టం బలం ఉంది, అంతే.

అలా ఎంచుకుంటే అన్యాయం కదా? లాటరీ వేస్తే సరిపోదా?

లాటరీలో కూడా చెయ్యి సరిగ్గా తిరగాలి. 1969 డిసెంబరు 1 రాత్రి వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధానికి లాటరీ తీశారు, టీవీలో ప్రత్యక్ష ప్రసారం. ఏడాదిలోని 366 తేదీలను చీటీల మీద రాసి నీలం ప్లాస్టిక్ గొట్టాల్లో పెట్టి పెద్ద గాజు పాత్రలో పోశారు. మొదట వచ్చింది సెప్టెంబరు 14. ఆ రోజు పుట్టిన కుర్రాళ్లు ఇళ్లలో టీవీ ముందు కూర్చుని తమ నంబరు ఒకటి అని చూసుకున్నారు. చివరికి 195 నంబరు దాకా పిలుపులు వెళ్లాయి. తర్వాత లెక్కలు తెలిసినవాళ్లు చూస్తే డిసెంబరులో పుట్టినవాళ్లకు చిన్న నంబర్లు ఎక్కువ పడ్డాయని తేలింది. జనవరి నుంచి వరసగా నెలలవారీగా పెట్టెలో వేసి, సరిగ్గా కలపకుండా పోసేశారు, చివరి నెలలు పైనే ఉండిపోయాయి. మరుసటి ఏడాది పద్ధతి మార్చారు, కానీ ఆ డిసెంబరు పిల్లలకు మార్చేదేముంది?

థాయిలాండ్‌లో ఇప్పటికీ ఏప్రిల్‌లో చీటీలు తీస్తారు. నల్ల చీటీ వస్తే ఇంటికి, ఎర్ర చీటీ వస్తే సైన్యానికి. నల్ల చీటీ పట్టుకుని కుర్రాళ్లు ఎగిరి గంతులేయడం, ఎర్రది చూసి కళ్లు తిరిగి పడిపోవడం ఏటా వార్తల్లో వస్తుంటుంది. గౌరవంగా భావించి చేయాల్సిన సేవ అయితే ఆ గంతులెందుకు?

ఒక ఏడాది పోతే జీవితంలో ఏం పోతుంది?

ఆ అమెరికా లాటరీనే వాడుకుని జాషువా ఆంగ్రిస్ట్ అనే ఆర్థికవేత్త (2021లో నోబెల్ వచ్చినవారిలో ఒకరు) 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. సేవ ముగిసి చాలా ఏళ్లయ్యాక కూడా, 1980ల మొదట్లో, వియత్నాం కాలంలో సైన్యంలో పనిచేసిన శ్వేతజాతి మగవాళ్ల సంపాదన పనిచేయనివాళ్ల కంటే దాదాపు 15 శాతం తక్కువగా ఉంది. అది యుద్ధ కాలం, అదీ ఏడాది మాటా కాదు, కాబట్టి దాన్ని ప్రతి దేశానికీ అతికించకూడదు. అయినా 'ఏముంది, ఒక ఏడాదే' అనే ముందు ఆ ఏడాది ఎవరిదో ఆలోచించాలి.

అమెరికాలో నిర్బంధ సేవ ఆపే విషయం చూడమని 1969లో అధ్యక్షుడు నిక్సన్ వేసిన గేట్స్ కమిషన్ ఈ విషయాన్ని సూటిగా చెప్పింది. నిర్బంధంగా తెచ్చిన సైనికుడు చౌక కాదు, వాడి జీతంలోంచి కోసుకున్నది కంటికి కనిపించని పన్ను అని. బడ్జెట్ పుస్తకంలో ఆ అంకె ఉండదు, కుర్రాడి జేబులో ఉంటుంది. 1973లో అమెరికా నిర్బంధ సేవను ఆపేసింది. మగపిల్లల పేర్ల నమోదు మాత్రం 1980 నుంచి మళ్లీ సాగుతోంది.

సైన్యం వద్దు, ఆసుపత్రుల్లోనో వృద్ధాశ్రమాల్లోనో సేవ చేయిస్తే? దీన్ని ఎవరైనా కాదంటారా?

నేనంటాను.

ఆస్ట్రియా సంగతి చూడండి. 2013 జనవరిలో నిర్బంధ సేవ ఉంచాలా తీసేయాలా అని ప్రజల్ని అడిగితే దాదాపు 60 శాతం ఉంచమన్నారు. ప్రచారంలో గట్టిగా వినిపించిన భయం శత్రువు గురించి కాదు, అంబులెన్సుల గురించి. సైన్యానికి బదులు తొమ్మిది నెలల పౌర సేవ చేసే కుర్రాళ్లు లేకపోతే అంబులెన్సులో ఎవరుంటారని. అంటే చవగ్గా దొరికే కుర్రాళ్ల మీద ఒక అత్యవసర సేవ అంతగా ఆధారపడిపోయింది. జర్మనీలో కూడా 2011లో ఆపేటప్పుడు ఇదే టెన్షన్, ఆసుపత్రులూ వృద్ధాశ్రమాలూ కూలిపోతాయన్నారు. స్వచ్ఛంద సేవా పథకం పెట్టారు, కూలిపోలేదు.

చట్టం ప్రకారం కూడా ఇది అంత తేలిక కాదు. వెట్టిచాకిరీని నిషేధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 ఒప్పందం నిర్బంధ సైనిక సేవకు మినహాయింపు ఇచ్చింది కానీ, 'పూర్తిగా సైనిక స్వభావం ఉన్న పని' అని గిరి గీసింది. కుర్రాడిని బలవంతంగా తెచ్చి ఆసుపత్రి వార్డు ఊడిపిస్తే ఆ గిరి దాటినట్టా కాదా అన్నది లాయర్లకు చేతినిండా పని పెట్టే ప్రశ్న. నా ఉద్దేశంలో అంతకంటే పెద్ద విషయం వేరే ఉంది: మంచం మీద ఉన్న పెద్దావిడ ఒళ్లు తుడిచేది ఆ పని ఇష్టపడి ఎంచుకున్న మనిషై ఉండాలి, ఆ మనిషికి బతకడానికి సరిపడా జీతం ఉండాలి. ఉచితంగా కుర్రాళ్లు వస్తుంటే ఆ జీతం పెంచాలని ఏ ప్రభుత్వానికైనా ఎందుకనిపిస్తుంది?

అమ్మాయిలు కూడా చేయాలా?

తెస్తే ఇద్దరికీ తేవాలి. నార్వే 2015 నుంచి, స్వీడన్ మళ్లీ తెచ్చినప్పటి నుంచి అలాగే చేస్తున్నాయి. డెన్మార్క్‌లో 2025 జులై 1 తర్వాత 18 నిండిన అమ్మాయిలు కూడా లాటరీలోకి వచ్చారు. ఫిన్లాండ్, ఆస్ట్రియాల్లో నిర్బంధం మగవాళ్లకే. స్విట్జర్లాండ్‌లో ఆడా మగా అందరికీ ఏదో ఒక సేవ తప్పనిసరి చేద్దామా అని 2025 నవంబరులో ఓటింగ్ పెడితే 84 శాతం వద్దన్నారు. ఆ స్విస్ ప్రజలే 2013లో మగవాళ్ల నిర్బంధ సేవ రద్దు చేద్దామంటే 73 శాతం వద్దన్నారు. అలవాటైనది పోవద్దు, కొత్తది రావద్దు.

మనస్సాక్షి ఒప్పుకోనివాళ్ల సంగతి?

అమెరికా బాక్సర్ ముహమ్మద్ అలీ 1967లో సైన్యంలోకి రానన్నాడు. బాక్సింగ్ టైటిల్ పోయింది, లైసెన్సులు పోయాయి, జైలు శిక్ష పడింది. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, కానీ ఒక బాక్సర్‌కు మంచి వయసులో పోయిన మూడేళ్లు ఏ కోర్టు తిరిగిస్తుంది? దక్షిణ కొరియాలో 2018లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పేదాకా ఇలాంటివాళ్లు వరసగా జైలుకు వెళ్లారు. 2020 నుంచి ప్రత్యామ్నాయం పెట్టారు, ఏంటంటే 36 నెలలు జైళ్లలో ఉండి పనిచేయడం. సైన్యంలో అయితే 18 నెలలే. రెట్టింపు పెట్టి దాన్ని ప్రత్యామ్నాయం అనడం కంటితుడుపే. స్విట్జర్లాండ్‌లో ఒకటిన్నర రెట్లు.

డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ల పిల్లలు తప్పించుకోరా?

ఎప్పుడూ తప్పించుకున్నారు. అమెరికా అంతర్యుద్ధంలో 1863 చట్టం ప్రకారం 300 డాలర్లు కడితే వెళ్లక్కర్లేదు, దాని మీద న్యూయార్క్‌లో అల్లర్లు జరిగాయి. వియత్నాం నాటికి డబ్బు కట్టే పద్ధతి పోయి, కాలేజీలో చదువుతుంటే పిలుపు వాయిదా వేయడం, తెలిసిన డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్లు వచ్చాయి. ఇజ్రాయెల్‌లో మతగురువుల పాఠశాలల్లో చదివేవాళ్లకు దశాబ్దాల పాటు ఇచ్చిన మినహాయింపు ఇక చెల్లదని 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది, దాని మీద రాజకీయం ఇంకా రగులుతూనే ఉంది.

దక్షిణ కొరియాకు ఒక మెచ్చుకోలు ఇవ్వాలి. అక్కడి పాప్ బృందం బీటీఎస్ కుర్రాళ్లకు మినహాయింపు ఇవ్వాలా అని దేశమంతా ఏళ్ల తరబడి కొట్టుకున్నారు, 30 ఏళ్ల దాకా వాయిదా ఇచ్చారు తప్ప వదల్లేదు. 2025 జూన్‌కల్లా ఏడుగురూ ముగించుకున్నారు. కానీ ఒలింపిక్ పతకం గెలిస్తే, ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిస్తే మాత్రం అక్కడ మినహాయింపు ఉంది. పాప్ పాటకు లేదు, బంతికి ఉంది. ఎందుకో ఎవరైనా చెప్పగలరా?

వేర్వేరు ప్రాంతాలవాళ్లు, మతాలవాళ్లు కలిసి ఉంటే ఐకమత్యం రాదా?

ఈ వాదన మీద నాకు గౌరవముంది. నైజీరియా అంతర్యుద్ధం ముగిశాక 1973లో సరిగ్గా ఈ ఉద్దేశంతోనే పట్టభద్రులకు ఏడాది సేవ పెట్టింది, సొంత రాష్ట్రం వదిలి వేరే చోట చేయాలి. సింగపూర్ 1967లో మొదలుపెట్టిన రెండేళ్ల సేవలో కూడా రక్షణతో పాటు ఇది ఉంది. మనుషులు కలిసి తింటే, కలిసి చెమటోడిస్తే కొంత మార్పు వస్తుంది, కాదనను. అయితే అందరూ వెళ్లినప్పుడే అది పనిచేస్తుంది. ఒక వర్గానికి మినహాయింపు ఇచ్చారంటే ఐకమత్యం కోసం పెట్టిందే పగకు కారణమవుతుంది.

ఒకసారి తెస్తే మళ్లీ ఆపొచ్చు కదా?

ఆఫ్రికాలోని ఎరిత్రియాలో సేవా కాలం కాగితం మీద 18 నెలలు. 1998 సరిహద్దు యుద్ధం తర్వాత దానికి ముగింపు లేకుండా పోయింది, ఏళ్లకేళ్లు అందులోనే ఉండిపోయినవాళ్లున్నారు, దాన్నుంచి పారిపోవడానికే దేశం వదిలినవాళ్లు లెక్కలేనంతమంది. ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2016లో దాన్ని బానిసత్వంతో సమానంగా చూసింది. ఇది చివరి అంచున ఉన్న ఉదాహరణే, ఒప్పుకుంటాను. కానీ మంచి పార్లమెంటు ఉన్న బ్రిటన్ కూడా కొరియా యుద్ధం రాగానే 1950లో 18 నెలల్ని రెండేళ్లు చేసింది. పొడిగించడం ఎప్పుడూ తేలికే.

పూర్తిగా స్వచ్ఛందంగా పెడితే ఎవరొస్తారు?

జీతం ఇస్తే వస్తారు. ఫ్రాన్స్‌లో అధ్యక్షుడు మాక్రాన్ 2025 నవంబరులో పది నెలల స్వచ్ఛంద సైనిక సేవ ప్రకటించారు, నెలకు కనీసం 800 యూరోలు, మొదటి ఏడాది 3,000 మంది. జర్మనీ కొత్త చట్టంలో స్వచ్ఛందంగా వచ్చేవాళ్లకు నెలకు దాదాపు 2,600 యూరోలు, 2008లోనూ ఆ తర్వాతా పుట్టిన మగపిల్లలు ప్రశ్నావళి మాత్రం తప్పనిసరిగా నింపాలి, తగినంతమంది రాకపోతే నిర్బంధం తేవాలా వద్దా అన్నది పార్లమెంటు విడిగా మళ్లీ ఓటేయాలి. ఈ వరస నాకు నచ్చింది. ముందు జీతం పెంచి అడగండి, రాకపోతే అప్పుడు చట్టం మాట ఎత్తండి.

మా దేశంలో బిల్లు వస్తే అందులో ముందు ఏం చూడాలి?

సైన్యం ఇచ్చిన సంఖ్య ఉందా, లేక మంత్రి ప్రసంగమే ఉందా అన్నది మొదట చూడండి. తర్వాత జీతం, అదే పని చేసే మామూలు ఉద్యోగికి ఎంతిస్తారో దాని పక్కన పెట్టి. శిక్షణలో గాయపడితే జీవితాంతం ఖర్చు ఎవరిది, బ్యారక్‌లో కొడితే ఫిర్యాదు ఆ బ్యారక్ అధికారికేనా లేక బయటివాళ్లకా, ఈ రెండూ చాలా బిల్లుల్లో చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. మినహాయింపుల జాబితా ఎంత పొడుగ్గా ఉంటే అంత అనుమానించాలి. చివరగా, చట్టం ఎన్నేళ్లకు దానంతటదే రద్దవుతుందో రాశారా చూడండి. రాయకపోతే మీ ఎంపీకి ఉత్తరం రాయండి, ఆ ఒక్క నిబంధన చేర్చమని.